లివరు తీసి టీ గ్లాసు పెట్టారు

ఆవిడని ఆ పేపరాఫీసులో ఎదురుగా మేడం అంటారు, వెనకాల ఎత్తుగడలత్తయ్య అంటారు. వార్త మొదట్లో నాలుగైదు వాక్యాలుంటాయి చూడండి, చదివేవాణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళేవి, డెస్కులో వాటిని ఎత్తుగడ అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని అదే. విలేకరులు ఊరంతా తిరిగి, 'ప్రమాదం జరిగినది, ఇద్దరు గాయపడినారు' అని పొడిపొడిగా రాసి పంపిస్తారు. దాని నెత్తిన ఆవిడ నాలుగు వాక్యాలు పెడుతుంది. మర్నాడు బస్సుల్లో, మంగలి షాపుల్లో జనం చెప్పుకునేది ఆ నాలుగు వాక్యాలే. పేరు మాత్రం విలేకరిది పడుతుంది. దాని గురించి ఆవిడెప్పుడూ పేచీ పెట్టుకోలేదు.

ఆవిడ కూర్చునేది కిటికీ పక్క మూల. ఎదురుగా వైరున్న పాత ఫోను. ఆఫీసంతా సెల్‌ఫోన్లలోకి మారిపోయినా ఆ ఫోను మాత్రం తియ్యనివ్వలేదు. పక్కన బడిపిల్లలు రాసుకునే గీతల నోటుపుస్తకం. విలేకరి కాపీ రాగానే అందులో ఉన్న మనుషుల నంబర్లు సంపాదించి ఫోను చేస్తుంది. అడిగేవి మూడే. అప్పుడు మీ చేతిలో ఏముంది? ఏం చప్పుడు వినబడింది? అది జరక్కపోతే తర్వాత ఏం చేసేవారు? అంతే. చెప్పులషాపు తగలబడిపోయినప్పుడు షాపాయన్ని అలాగే అడిగింది. ఆయన కాసేపాలోచించి, "ఎడమకాలి జోడుందండీ, కుడిది తెమ్మని లోపలికి పంపాను, బేరం ఇంకా కుర్చీలోనే కూర్చునుంది" అన్నాడు. ఆ ఎడమకాలి జోడుతో మొదలుపెట్టింది వార్త. ఆ రోజు పేపరు చదివి ఏడవని వాళ్ళు తక్కువ.

ఆవిడకో పట్టింపుంది. వాళ్ళ నోటితో చెప్పనిది ఒక్క ముక్క కూడా రాయదు. ఒకసారి ఎవరిదో గొడుగు నల్లదా నీలమా అని తేల్చుకోవడానికి సాయంత్రమంతా ఫోను పట్టుకుని కూర్చుంది. వాళ్ళాయనకి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే పని. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే, "గొడుగు రంగు తెలిస్తే వాన తగ్గిందా మరి?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ ఆయనా అలాంటివాడే. అద్దం ఒక్క గీత పక్కకి కూర్చుంటే ఊడదీసి మళ్ళీ బిగిస్తాడు, బేరం ఎంత తొందరపెట్టినా సరే.

సరే, ఇలా సాగుతుండగా ఆఫీసుకో కొత్త పిచ్చి పట్టింది. ఎవరో సలహాదారుట, మెడలో ఎర్ర మఫ్లరు, రెండ్రోజులు అందర్నీ చల్లటి గదిలో కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు చూపించాడు. ఇకమీదట ప్రతి వార్తా కథలా మొదలవ్వాలట. వాసన ఉండాలట, రంగుండాలట, మనిషి కనబడాలట. ఇరవై రెండేళ్ళుగా అదే చేస్తున్న మనిషి వెనక వరసలో కూర్చుని ఉంటే ఆవిడ వైపు ఒక్కరైనా తిరిగి చూశారా? చూడలేదు. అందరికీ బిస్కెట్లు పంచి, చప్పట్లు కొట్టి పంపించారు.

ఆ మర్నాటి నుంచీ పేపరు చదివితే ఒళ్ళు మండిపోవడమే. ఏ ప్రమాదం చూడండి, 'ఆ ఉదయం కూడా ఎప్పటిలాగే తెల్లవారింది' అని మొదలు. తెల్లవారక ఏం చేస్తుంది? ఎవరు పోయినా 'అదే ఆఖరి చూపని ఆమెకు తెలియదు'. పురపాలక బడ్జెట్టు వార్తక్కూడా ఒక ముసలావిడ వచ్చి కుళాయి దగ్గర కూర్చుంది. ఎవరా ముసలావిడని అత్తయ్య అడిగితే, "ఎవరో ఒకరుంటారు కదండీ మేడం, ఏదో ఒక కుళాయి దగ్గర" అన్నాడు డెస్కు ఇన్‌ఛార్జి. ఆవిడకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. చెడ్డవాడు కాదు, కానీ ఆ ఎర్ర మఫ్లరు మాటలు మహా గట్టిగా తలకెక్కించుకున్నాడు. వార్త ఇన్‌ఛార్జి చేతిలోంచి పోతేనే అచ్చుకి వెళుతుంది, అక్కడొచ్చింది చిక్కంతా.

ఒక ఆదివారం పార్కులో జెయింట్ వీల్ దగ్గర ప్రమాదం జరిగింది. ఒక తొట్టి బోల్టు ఊడి తొట్టి వాలిపోయింది. అందులోంచి ఏడేళ్ళ పాప జారి కింద పడి కాలు విరిగింది. ఇంకో పిల్లాడు తొట్టి అంచు పట్టుకుని వేలాడుతుంటే కింద ఉన్నవాళ్ళు దింపుకున్నారు. వీలు నడిపేవాడికి చేతికి దెబ్బ తగిలిందని విలేకరి కాపీలో ఆఖరి వాక్యం. అత్తయ్య ఆసుపత్రికి ఫోను చేసి, ఇద్దరు ముగ్గురిని బతిమాలి, ఆ వీలాయన్నే లైన్లోకి పిలిపించింది.

"అప్పుడు మీ చేతిలో ఏముంది బాబూ?"

"చేతిలో ఏముంటుందమ్మా. లివరుంది. ఇంకా ఉన్నట్టే ఉంది."

చప్పుడేం వినబడిందంటే, చిన్నదేనమ్మా, బల్ల సొరుగు లాగితే వచ్చేంత అన్నాడు. తర్వాతేం చేసేవారంటే, అదే ఆఖరి చుట్టు, ఆపి అందర్నీ దించేసేవాణ్ణి అన్నాడు. అక్కణ్ణుంచి తనే చెప్పుకుపోయాడు. బ్రేకు వేశాడు, వేసినా వీలు వెనక్కి దొర్లబోయింది, బ్రేకు అరిగిపోయిందని నెల్లాళ్ళుగా యజమానికి మొత్తుకుంటూనే ఉన్నాడు. దొర్లితే ఆ వాలిన తొట్టి, వేలాడే పిల్లాడు, కింద పడున్న పాప, అందరూ దాని కిందకే. అందుకని ఆ బ్రేకు లివరు మీద పడి ఒళ్ళంతా వేలాడేశాడు. చెయ్యి లివరుకీ ఇనపచట్రానికీ మధ్య ఇరుక్కుంది. పాపని పక్కకి తీసి పిల్లాణ్ణి దించేదాకా వదల్లేదు. రెండు వేళ్ళు పోయాయి.

అత్తయ్య రాసుకుంది. ఫోను పెట్టేసింది. తర్వాత నాలుగు వాక్యాలు రాసింది. ఆయన చేతిలో లివరు తప్ప ఏమీ లేదని మొదటి వాక్యం. దాన్ని వదిలి ఉంటే రెండు వేళ్ళు మిగిలేవని నాలుగోది. రాసి ఇన్‌ఛార్జికి పంపించి, బ్యాగు సర్దుకుని బస్సెక్కి ఇంటికి పోయింది.

పొద్దున్న వాళ్ళాయన పేపరు విప్పి అలవాటుగా పైకి చదివాడు. "టీ గ్లాసు పెదవులకి ఆనించాడో లేదో, టక్కుమని ఓ చప్పుడు." అక్కడిదాకా చదివి ఆగి ఆవిడ మొహం చూశాడు. "ఇది నీది కాదే" అన్నాడు.

ఆవిడ పేపరు లాక్కుని చదివింది. లివరు లేదు. వేళ్ళు లేవు. పొగలు కక్కే టీ గ్లాసు, సాయంత్రపు చల్లగాలి, పిల్లల కేరింతలు, ఆ తర్వాత టక్కుమని చప్పుడు. చేతికి దెబ్బ సంగతి ఆఖర్న ఎప్పటిలాగే ఒక్క వాక్యం. అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. పదకొండుకి వెళ్ళాల్సిన మనిషి తొమ్మిదిన్నరకే ఆఫీసులో ఉంది.

"ఈ టీ ఎవరు పోశారు?" అని అడిగింది.

ఇన్‌ఛార్జి నవ్వాడు. "లివరుతో మొదలుపెడితే ఏం బాగుంటుంది మేడం? అదో ఇనపకడ్డీ. మనిషి కనబడాలి కదా. టీ తాగేవాణ్ణి చూస్తే అందరికీ మనవాడే అనిపిస్తుంది."

"ఆయన టీ తాగలేదు."

"ఆ రోజు తాగే ఉంటాడండీ. ఎవరు తాగరు?"

"నేనడిగాను. చేతిలో లివరుందన్నాడు. మీరు అడిగారా?"

"అబ్బా, టీ గ్లాసుకి ఇంత రాద్ధాంతమా? ఆయన్ని మనం తిట్టలేదు కదా" అని ఇన్‌ఛార్జి కుర్చీ తిప్పేసుకున్నాడు. అప్పటికే టేబులు మీద పన్నెండు కాపీలున్నాయి. వంతెన కూలింది, పరీక్షలు వాయిదా పడ్డాయి, ఎవరో తప్పిపోయారు. అత్తయ్య గొణుక్కుంటూ వెళ్ళి తన మూల కూర్చుంది. మధ్యాహ్నానికి కోపం చల్లారింది. సాయంత్రానికి పనిలో పడి మర్చిపోయింది కూడా.

పదిహేను రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం కింద రిసెప్షన్ నుంచి ఫోను, మీకోసం ఎవరో వచ్చారని. దిగి చూస్తే ప్లాస్టిక్ కుర్చీలో నలభై ఏళ్ళ మనిషి, చేతికి మోచేతిదాకా కట్టు, రెండో చేతిలో మడతలు నలిగిపోయిన పేపరు ముక్క. నోట్లో నాలుక లేని మనిషని చూడగానే తెలిసిపోతోంది. లేచి నిలబడ్డాడు.

"నాతో ఫోనులో మాట్లాడింది మీరేనా అమ్మా? చేతిలో ఏముందని అడిగారు."

"నేనే బాబూ."

"నేను టీ అన్నానా?" అన్నాడు.

ఆ అడిగిన తీరు అత్తయ్య ఈ జన్మకి మర్చిపోదు. కోపంగా అడిగి ఉంటే బాగుండేది. తనకే అనుమానం వచ్చినట్టు అడిగాడు. నొప్పిలో, మందుల మత్తులో తనే అలా అన్నాడేమో, అచ్చులో ఉంది కదా, అని పదిహేను రోజులుగా తన్ను తనే ప్రశ్నించుకుంటున్నాడు పాపం. "అనలేదు నాయనా, మీరు లివరన్నారు" అనేసరికి ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

నెమ్మదిగా విషయమంతా బయటికొచ్చింది. పార్కు యజమాని ఆ పేపరు ముక్కే విచారణ అధికారి ముందు పెట్టాడట. మా బోల్టుదీ తప్పు కాదు, బ్రేకుదీ తప్పు కాదు, మావాడు టీ తాగుతూ మిషను గాలికొదిలేశాడు, చూడండి పేపర్లోనే వేశారు అని. పనిలోంచి తీసేశారు. అది కూడా ఆయన పెద్దగా చెప్పుకోలేదు. "పనికేముందమ్మా, ఇంకోటి చూసుకుంటాను. కాలు విరిగిన పాపది మా వీధే. మా ఎదురు మేడ. వాళ్ళమ్మ మమ్మల్ని చూస్తే తలుపేసుకుంటోంది. టీ గ్లాసు కోసం నా పిల్లని వదిలేశాడని వీధిలో అందరితో అంది. నేను ఎదురుపడితే మొహం అదోలా పెడుతుంది. ఆ చూపు నేను పడలేనమ్మా. ఆవిడకి తెలిస్తే చాలు. మీ పేపర్లో ఒక్క ముక్క వెయ్యండి, టీ లేదని."

ఇంత చిన్న కోరిక. అత్తయ్య ఆయన్ని అక్కడే కూర్చోమని చెప్పి పైకెళ్ళింది. సవరణ వెయ్యాలంది. ఇన్‌ఛార్జి ఆవిణ్ణి పై గదికి తీసుకెళ్ళాడు, అక్కడ సంపాదకుడున్నాడు. అంతా విని ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. పేరు తప్పు పడితే సవరణ వేస్తాం, అంకె తప్పు పడితే వేస్తాం. ఎత్తుగడ అనేది వార్త కాదు కదమ్మా, అది అలంకారం. అలంకారానికి సవరణేమిటి?

"మరి విచారణలో దాన్ని సాక్ష్యమంటున్నారు."

"అది వాళ్ళ పొరపాటు" అన్నాడు సంపాదకుడు.

విన్నారా? పొద్దున్నే లక్షమంది చేత నిజమని చదివించేటప్పుడు అది వార్త. మనిషి నెత్తిన పడ్డాక అలంకారం. ఆవిడ ఇంకా నిలబడే ఉంటే ఇన్‌ఛార్జి చిన్నగా అన్నాడు, "అయినా మేడం, దాని మీద మీ పేరు లేదు కదా, మీకెందుకు?" ఇరవై రెండేళ్ళు పేరు లేకుండా పని చేసినందుకు ఆ మాట దక్కింది. ఆవిడ వెనక్కి తిరిగింది. కిందకొచ్చి వీలాయన్ని విచారణ ఎప్పుడని అడిగింది. గురువారమన్నాడు.

గురువారం సెలవు పెట్టి, నోటుపుస్తకం బ్యాగులో వేసుకుని వెళ్ళింది. విచారణంటే పెద్ద హాలూ గట్రా కాదు. ఫైళ్ళ మధ్య చిన్న గది, గడగడలాడే ఫ్యాను, మెషిన్లు తనిఖీ చేసే అధికారి, యజమాని తరఫున ఒక గుమాస్తా. అధికారి పేపరు ముక్క చూసి, "దీని మీద వేరే పేరుంది. మీరెవరు?" అన్నాడు. మా ఆఫీసు నుంచి ఉత్తరం తేలేను, వాళ్ళివ్వరు అంది ఆవిడ. నోటుపుస్తకం ముందు పెట్టింది. గుమాస్తా నవ్వాడు, ఇవాళ పొద్దున్న రాసుకొచ్చి ఉండొచ్చు కదా సార్ అని. అత్తయ్య ఆ మనిషి వైపు తిరగనే లేదు. ఆ పుస్తకంలో అటు ముందు పేజీలు, ఇటు తర్వాత పేజీలు చూడమంది. ఆరు నెలల తారీకులు వరసగా ఉన్నాయి, మధ్యలో ఆ ఆదివారం ఉంది. చేతిలో లివరు, ఇంకా ఉన్నట్టే ఉంది అని ఉంది. అధికారి రెండుసార్లు చదువుకున్నాడు.

ఆయన మంచివాడే. బోల్టు తుప్పుపట్టిందనీ బ్రేకు అరిగిందనీ అప్పటికే తనిఖీలో తేలింది. నెల తిరక్కుండా నివేదికిచ్చాడు, ఆపరేటరు తప్పేమీ లేదని. అత్తయ్య పొంగిపోయింది. ఇప్పుడు వెయ్యక ఏం చేస్తారు, సర్కారు కాగితమే ఉంది అనుకుంది. వేశారు. లోపలి పేజీలో, పెళ్ళి సంబంధాల ప్రకటనల పైన, మూడు లైన్లు. జెయింట్ వీల్ ప్రమాదానికి తుప్పే కారణం. అంతే. దాంట్లో వీలాయన లేడు, లివరు లేదు, టీ లేదు. స్థలం లేదండీ మేడం అన్నాడు ఇన్‌ఛార్జి. పక్కనే అరపేజీలో మొక్కల ప్రదర్శన గురించి ఎత్తుగడ మంచుబిందువులతో మొదలైంది.

ఆ సాయంత్రం వీలాయన ఫోను చేశాడు. "పేపరు చూశానమ్మా" అన్నాడు. "మా ఎదురింటావిడ ఇందాకే తలుపేసుకుంది" అన్నాడు.

మర్నాడు పొద్దున్న అత్తయ్య ఆఫీసు బస్సెక్కలేదు. వాళ్ళ వీధి బస్సెక్కింది. ఇరవై రెండేళ్ళలో వార్తలోని మనిషి ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. అన్నీ ఫోనులోనే కదా. ఇరుకు వీధి, ఎదురెదురు మేడలు, మధ్యలో బట్టల తాళ్ళు. మెట్లెక్కి తలుపు కొట్టింది. పాప తల్లి కుట్టుమిషను ముందు నుంచి లేచొచ్చింది, మెడ చుట్టూ టేపు వేలాడుతోంది. పేపరు నుంచి వచ్చానంటే లోపలికి రమ్మని కుర్చీ వేసింది. మంచం మీద పాప, కాలికి పిండికట్టు, దాని మీద రంగుపెన్నులతో పువ్వులూ పిచ్చిగీతలూ.

అత్తయ్యకి వేరే ఏం చెప్పాలో తెలియలేదు. తనకొచ్చిన పని ఒకటే, మొదలుపెట్టడం. మొదలుపెట్టింది. "ఆ రోజు వీలు దగ్గర ఉన్నాయన చేతిలో లివరు తప్ప ఏమీ లేదమ్మా" అంది. బల్ల సొరుగంత చప్పుడు చెప్పింది. వీలు వెనక్కి దొర్లబోవడం చెప్పింది. దొర్లితే నీ బిడ్డ ఎక్కడుందో చెప్పింది. వేళ్ళ సంగతి చెప్పింది.

"రెండు వేళ్ళా?" అంది పాప తల్లి.

"రెండు."

"ఇది మొదట్నుంచీ చెబుతూనే ఉందండీ" అంది పాప తల్లి మంచం వైపు చూస్తూ. "అంకుల్ కర్ర పట్టుకుని ఏడ్చాడమ్మా అని. నేనే నోరు మూయించాను. నీకేం తెలుసు, పేపర్లో టీ తాగుతున్నాడని వేశారు అన్నాను. చిన్నపిల్ల మాట వింటానా, పేపరు మాట వింటానా?" పాప ఇద్దరి వైపూ చూసి మళ్ళీ కట్టు మీద పువ్వు దిద్దుకుంది.

"మరి ఇదంతా అప్పుడే రాయొచ్చు కదమ్మా మీరు?"

"రాశానమ్మా. తీసేశారు."

"తీసేస్తే ఊరుకున్నారా?"

ఎవరెవరి మీద కోపగించుకోవాలో వాళ్ళందరి మీదా కోపగించుకుని వచ్చింది అత్తయ్య. ఇన్‌ఛార్జి, సంపాదకుడు, యజమాని, గుమాస్తా, ఎర్ర మఫ్లరు. దారి పొడుగునా బస్సులో వాళ్ళని ఒక్కొక్కర్నీ దులిపేసింది మనసులో. ఈ మాట దగ్గరికొచ్చేసరికి వాళ్ళెవరూ అక్కడ లేరు. ఆ పొద్దున్న తొమ్మిదిన్నరకి ఇన్‌ఛార్జి ముందు నిలబడి, మధ్యాహ్నానికి చల్లారిపోయిన మనిషి ఒక్కతే ఉంది.

"ఊరుకున్నాను" అంది.

పాప తల్లి ఇన్నాళ్ళూ వీలాయన వైపు ఎలా చూసిందో అలా చూసింది ఆవిడ వైపు. మెడలోని టేపు తీసి మిషను మీద పెట్టింది. "కాస్త పాప దగ్గర కూర్చోండి, ఇప్పుడే వస్తాను" అని చెప్పులేసుకుని, మెట్లు దిగి, ఎదురింటికి వెళ్ళింది.